గది లేని కవి – కాజీ నజ్రుల్ ఇస్లాం

కాజీ నజ్రుల్ ఇస్లాం పేరు వినని సభ్యులు మన సొసైటీలో బహుశా ఉండరు. బంగ్లాదేశ్‌కు జాతీయకవి అనీ, తెల్లదొరల మీద రాసి జైలుకు వెళ్ళినవాడనీ, చివరి రోజుల్లో నోట మాట పోయి ఏళ్ళ తరబడి బతికిన అభాగ్యుడనీ మన పెద్దలు చెప్పుకుంటూనే ఉంటారు. అయితే ఆ మనిషి పడుచువయసులో ఎట్లా రోజులు వెళ్ళబుచ్చేవాడు, ఎక్కడ కూచుని రాసేవాడు, రాయాలన్న ఊపు ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చేది అన్న సంగతులు అంతగా ప్రచారంలో లేవు. మేము ఇక్కడ చెప్పదలిచింది వాటినే. ఎందుకంటే మన పిల్లల్లో కథలు, కవితలు రాయాలని ఉబలాటపడేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ నోట మేము తరచు వినే మాట ఒకటుంది. ఇంట్లో చోటు లేదు, ఒకటే గది, ఎప్పుడూ సందడి, ఇక రాసేదెట్లా అని. ఆ మాట అబద్ధం అని మేము అనం. కానీ నజ్రుల్‌కు ఆ ఒక్క గదీ లేదు.

బెంగాల్‌లో బొగ్గుగనుల ప్రాంతమైన అసన్సోల్ దగ్గర చురూలియా అనే పల్లెలో 1899 మే 24న ఆయన పుట్టారు. తండ్రి కాజీ ఫకీర్ అహ్మద్ ఊరి మసీదులో ఇమాము, పక్కనే ఉన్న దర్గాకు ముజావరు. తల్లి జాహిదా ఖాతూన్. అంతకు ముందు పుట్టిన బిడ్డలు కొందరు దక్కలేదట. అందుకే ఈ పిల్లవాడికి దుఖూ మియా అని ముద్దుపేరు పెట్టారని చెబుతారు. దుఃఖం అన్న మాటలోంచి వచ్చిన పేరే అది. 1908లో తండ్రి కన్నుమూశాడు. అప్పటికి దుఖూ మియాకు తొమ్మిదేళ్ళు. మక్తబ్‌లో కింది తరగతులు ముగించి, ఆ మక్తబ్‌లోనే తనకంటే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాడు. మసీదులో అజాన్ ఇచ్చాడు, దర్గా ఊడ్చాడు. పదేళ్ళ పిల్లవాడి సంపాదన మీద ఇల్లు కొంత నడిచింది.

తరువాత లేటో జట్టులో చేరాడు. లేటో అంటే మన వైపు వీధినాటకం వంటిది. పాట, ఆట, హాస్యం, కథ అన్నీ కలిసి ఉంటాయి. ఊరూరా తిరిగి ఆడతారు. వాడి చిన్నాన్న ఒకాయన అందులో పేరున్న పాటగాడు. అక్కడ దుఖూ మియా వేషం కట్టడమే కాదు, జట్టుకు పాటలూ చిన్న చిన్న నాటకాలూ రాసి ఇచ్చేవాడు. మసీదులో విన్న కథలతో పాటు రామాయణ భారత కథలు కూడా వాడికి అక్కడే ఒంటబట్టాయి. లేటోలో ఒక పద్ధతి ఉంది. రెండు జట్లు ఎదురెదురుగా నిలిచి పోటీ పడతాయి. అవతలి జట్టు పాటలో విసిరిన ప్రశ్నకు ఇవతలివాళ్ళు అప్పటికప్పుడు పాటతోనే జవాబు కట్టాలి. జనం చుట్టూ మూగి ఉంటారు, డోలు మోగుతూ ఉంటుంది, దీపం సరిగా వెలగదు. అందులో నిలబడి మాట కట్టడం నేర్చిన పిల్లవాడికి తరువాత ఏ సందడీ అడ్డు కాలేదు. కవికి బడి ఏదంటే మేము ముందు ఈ లేటో పేరే చెబుతాం.

అసలు బడి చదువు మాత్రం ముక్కలు ముక్కలుగా నడిచింది. మాథ్రున్ అనే ఊరి హైస్కూలులో కొన్నాళ్ళు చదివాడు. అక్కడ హెడ్మాస్టరు కుముదరంజన్ మల్లిక్ స్వయంగా కవి. కానీ ఫీజు కట్టే దారి లేక ఆ బడి వదిలాడు. ఒక రైల్వే గార్డు ఇంట వంటపనికి కుదిరాడు. ఆ తరువాత అసన్సోల్‌లో రొట్టెల దుకాణంలో చేరాడు. పొద్దంతా పిండి పిసికి, రొట్టెలు కాల్చి, రాత్రి ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకునేవాడు. పని చేస్తూ పాడుకునేవాడు. ఫీజు కట్టలేక బడి మాని హోటల్లోనో బేకరీలోనో చేరిన పిల్లవాడి కథ మన సొసైటీ కార్యకర్తలకు కొత్త కాదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు చూసేవాళ్ళకు ఈ కథ ప్రతి ఏటా కంటపడుతుంది.

దుఖూ మియా అక్కడే ఉండిపోయేవాడే. కాజీ రఫీజుల్లా అనే పోలీసు అధికారి ఆ కుర్రవాడి చురుకు చూసి ముచ్చటపడ్డాడు. ఆయనది తూర్పు బెంగాల్‌లోని మైమన్‌సింగ్ జిల్లా. 1914లో కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి త్రిశాల్ దగ్గర దరిరాంపూర్ బడిలో ఏడో తరగతిలో చేర్పించాడు. ఆయన చేసింది అంతే. పెద్ద నిధి ఏమీ స్థాపించలేదు. ఒక్క పిల్లవాడికి రైలు టిక్కెట్టు, తిండి, బడి చూపించాడు. నజ్రుల్ అక్కడ ఒక ఏడాది చదివి తిరిగి వచ్చేశాడు. ఈసారి రాణీగంజ్‌లోని సియార్‌సోల్ రాజ్ హైస్కూలులో ఎనిమిదిలో చేరి పది వరకు వచ్చాడు. అక్కడ సంగీతం తెలిసిన మాస్టరు ఒకరు, పార్సీ చెప్పే హాఫిజ్ నూరున్నబీ ఒకరు, స్వాతంత్ర్య విప్లవకారులతో సంబంధమున్న నివారణ్ చంద్ర ఘటక్ ఒకరు ఉన్నారు. నజ్రుల్ రచనలో తరువాత కనిపించిన మూడు పాయలూ ఈ ముగ్గురి నుంచే మొదలయ్యాయనుకుంటే తప్పు లేదు. రాణీగంజ్‌లోనే శైలజానంద ముఖోపాధ్యాయ అనే స్నేహితుడు దొరికాడు. ఇద్దరూ రాసి ఒకరికొకరు చూపించుకునేవారు. తమాషా ఏమంటే అప్పుడు శైలజానంద కవిత్వం రాసేవాడు, నజ్రుల్ వచనం రాసేవాడు. పెద్దయ్యాక అది తారుమారై, శైలజానంద కథకుడయ్యాడు, మనవాడు కవి అయ్యాడు.

మెట్రిక్ పరీక్ష ఇంకా రాయకుండానే 1917లో నజ్రుల్ పట్టాళంలో చేరారు. 49వ బెంగాలీ రెజిమెంటు. నౌషెరాలో తర్ఫీదు ఇచ్చి కరాచీ కంటోన్మెంటుకు పంపారు. యుద్ధరంగానికి వెళ్ళే అవసరం రాలేదు. కొన్నాళ్ళకు క్వార్టర్‌మాస్టర్ హవల్దారు అయ్యారు. సామాన్ల లెక్కలు, కవాతు, బ్యారక్‌లో పదిమంది మధ్య పడక. ఆ తీరికలోనే రెజిమెంటులోని పంజాబీ మౌల్వీ దగ్గర పార్సీ చదువుకుని హాఫిజ్ దీవాన్‌లోకి దిగారు. కలకత్తా పత్రికలకు చందా కట్టి తెప్పించుకునేవారు. బ్యారక్ నుంచే రచనలు టపాలో పంపేవారు. 1919లో సౌగాత్ పత్రికలో ఆయన మొదటి కథ వచ్చింది. అదే ఏడు జూలైలో బంగీయ ముసల్మాన్ సాహిత్య పత్రికలో మొదటి కవిత వచ్చింది. ఆ కవితకు ఆయన పెట్టిన పేరు క్షమ. పత్రిక పని చూసే ముజఫర్ అహ్మద్ దాన్ని ముక్తి అని మార్చి వేశారు. ఎక్కడో కరాచీలో ఉన్న హవల్దారు ఇందుకు కోపగించుకోలేదు. సంతోషించి కృతజ్ఞతలు తెలిపారు. అచ్చులో ఒక అక్షరం మారితే తగవుకు దిగే మన కవులు కొందరు ఈ సంగతి గమనించాలి.

1920లో రెజిమెంటు రద్దయింది. నజ్రుల్ కలకత్తా వచ్చి ముందు శైలజానంద ఉంటున్న మెస్సులో దిగారు. ఈయన ముస్లిం అని తెలిసి అక్కడి పనివాడు ఎంగిలి పళ్ళెం కడగనన్నాడు. రెండు మూడు రోజుల్లోనే మూట కట్టవలసి వచ్చింది. అప్పుడు ముజఫర్ అహ్మద్ పిలిచి 32, కాలేజ్ స్ట్రీట్‌లోని ముసల్మాన్ సాహిత్య సమితి ఆఫీసులో చోటిచ్చారు. ఈ ముజఫర్ అహ్మద్ తరువాతి రోజుల్లో కమ్యూనిస్టు నాయకుడిగా దేశమంతటా తెలిసినవారు. నజ్రుల్ పడుచునాటి సంగతులు మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆయన రాసిపెట్టిన జ్ఞాపకాలే ముఖ్య కారణం. నజ్రుల్ దించిన సామానులో ఏమేం ఉన్నాయో కూడా ఆయన గుర్తుపెట్టుకున్నారు. పరుపు చుట్ట, సిపాయి దుస్తులు, ఒక షేర్వానీ, నల్ల టోపీ, ఒక దుర్భిణి, కవితల నోటుబుక్కులు, కథల నోటుబుక్కులు, పత్రికలు, రవీంద్రుని పాటల స్వరాల పుస్తకం, హాఫిజ్ దీవాన్. ఇరవై ఏళ్ళ యువకుడి ఆస్తి మొత్తం అది.

ఆ ఆఫీసు గదిలో రోజు గడిచే తీరు ఇది. పొద్దున్నించే రాకపోకలు. రచయితలు, సంపాదకులు, కుర్రకారు. నజ్రుల్ గొంతెత్తి నవ్వితే వీధిలోకి వినపడేది. ఎవరైనా పాడమంటే చాలు, బతిమాలించుకోరు. హార్మోనియం ఉంటే సరే, లేకపోతే బల్ల మీద దరువు. టీ మీద టీ, పాన్ మీద పాన్. చదరంగం బల్ల దొరికితే ఇక వేళాపాళా లేదు. మరి రాసేదెప్పుడు? అందరూ ఉండగానే. గోడ వైపు తిరిగి కూచుని రాసుకుపోయేవారు. 1921 చివర్లో చిత్తరంజన్ దాస్ కుటుంబం నడిపే పత్రిక తరఫున ఒకరు కవిత అడగడానికి వచ్చారు. ముజఫర్ వచ్చినాయనతో చిన్న గొంతుకతో కబుర్లు చెబుతూండగా, నజ్రుల్ అదే గదిలో పక్కకు తిరిగి రాయడం మొదలెట్టారు. కాసేపటికి కాగితం చేతికిచ్చారు. జైలు ఇనుప తలుపులు బద్దలు కొట్టమనే ఆ పాట తరువాత బెంగాల్ అంతా మార్మోగింది.

ఇక ఊపు ఎక్కణ్ణుంచి వచ్చేదన్న ప్రశ్న. ఆయన దానికోసం ఎదురుచూసిన దాఖలా మాకు కనిపించదు. ఎదురుగా ఏది వస్తే దాన్నే అందుకునేవారు. ఢాకా నవాబు కుటుంబానికి చెందిన మెహర్ బానూ ఖానం గీసిన పడవ బొమ్మ ఒకటి మోస్లెం భారత్ పత్రికకు వచ్చింది. దానికింద నాలుగు మాటలు రాయమని నజ్రుల్‌కు ఇచ్చారు. ఆయన ఆ రాత్రి కూచుని తుఫానులో విశ్వాసులను దాటించే పడవ మీద ఏకంగా కవితే రాసి ఇచ్చారు. ఒక పుస్తక ప్రచురణకర్త తానే పిల్లల పద్యాలు రాసి తెచ్చి చూపించాడు. అవి ఏమంత బాగా లేవు. పిల్లలకు ఇట్లా రాయాలి అన్నట్టు నజ్రుల్ లిచీపళ్ళు దొంగిలించబోయిన అల్లరి కుర్రవాడి పద్యం కట్టి ఇచ్చారు. కుమిల్లాలో తాను బస చేసిన ఇంట చిన్నపాప ఒకతె జామచెట్టు మీది ఉడుతతో తగవులాడుతూంటే చూశారు. అదీ పద్యమైంది. ఈ రెండు పద్యాలూ బెంగాలీ పిల్లలకు కంఠతా వచ్చు. పడవ బొమ్మ, లిచీపండు, ఉడుత! ఇంతకంటే ఏం కావాలి?

జీతం పని కూడా ఆయనకు బడే అయింది. 1920 జూలైలో ఫజ్లుల్ హక్ సాహెబ్ పెట్టిన నవయుగ దినపత్రికను ముజఫర్, నజ్రుల్ కలిసి నడిపారు. అంతకు ముందు ఇద్దరికీ దినపత్రిక పని తెలియదు. పెద్ద పెద్ద వార్తలను నాలుగు ముక్కల్లోకి కుదించి, జనం నోట నానే కవితా పంక్తులతో శీర్షికలు కట్టడంలో నజ్రుల్ ఇట్టే ఆరితేరారు. పత్రిక దొరతనానికి కంటగింపై వెయ్యి రూపాయల ధరావతు పోగొట్టుకుంది.

విద్రోహి కవిత సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేం. 1921 డిసెంబరు ఆఖరి వారం. ముజఫర్, నజ్రుల్ అప్పుడు తాల్‌తలా లేన్‌లో 3/4సి నెంబరు ఇంట్లో కింది అంతస్తు గదిలో ఉంటున్నారు. రాత్రి ముజఫర్ తన వేళకు తాను పడుకున్నారు. నజ్రుల్ పెన్సిలు పట్టుకుని కూచున్నారు. పెన్సిలెందుకంటే, సిరాబుడ్డిలో కలం ముంచి ముంచి రాస్తూంటే చెయ్యి ఆలోచనను అందుకోలేదని ముజఫర్ ఊహ. తెల్లవారేసరికి కవిత పూర్తయింది. ముజఫర్ లేచి మొహం కడుక్కుని వచ్చాక చదివి వినిపించారు. లోకంలో ఆ కవిత విన్న మొదటి మనిషి తానేనని ముజఫర్ తరువాత చెప్పుకున్నారు. కానీ ఆయనది ఎదురుగా పొగిడే స్వభావం కాదు. పెద్దగా ఏమీ అనలేదు. రాత్రంతా మేలుకున్న కవికి మనసు చివుక్కుమంది. కాస్త పొద్దెక్కాక మోస్లెం భారత్ అఫ్జలుల్ హక్ వచ్చి, విని, ఉబ్బితబ్బిబ్బై ఒక నకలు తీసుకుపోయారు. ఆ తరువాత బిజలీ పత్రిక నుంచి ఇంకొకరు వచ్చి మరో నకలు పట్టుకుపోయారు. 1922 జనవరి 6న బిజలీలోనే అది ముందు వెలువడింది. గిరాకీ ఎంతగా ఉందంటే ఆ వారం పత్రికను రెండోసారి అచ్చు వెయ్యవలసి వచ్చింది. కవికి అప్పుడు ఇరవై రెండేళ్ళు.

ఆ ఏడాదే ఆగస్టులో ధూమకేతు అనే సొంత పత్రిక పెట్టారు. అందులో సెప్టెంబరులో వేసిన కవితకు రాజద్రోహం కేసు పెట్టి నవంబరు 23న కుమిల్లాలో అరెస్టు చేశారు. 1923 జనవరిలో ఏడాది కఠిన శిక్ష పడింది. ఆయన జైల్లో ఉండగానే రవీంద్రనాథ్ టాగోర్ తన వసంత నాటకాన్ని ఆయనకు అంకితమిచ్చారు. ఆ సంతోషంలో నజ్రుల్ జైల్లోనే ఒక గొప్ప కవిత రాశారు. హుగ్లీ జైలులో రాజకీయ ఖైదీల పట్ల జరిగే అన్యాయాలకు నిరసనగా నెలకు పైగా అన్నం మానేశారు. దీక్ష మానమని టాగోర్ తంతి ఇస్తే, జైలు మారిన సంగతి చెప్పకుండా చిరునామాదారుడు లేడని తిప్పి పంపారు. చివరకు తాను అమ్మా అని పిలిచే విరజాసుందరీ దేవి కుమిల్లా నుంచి వచ్చి బతిమాలితే ఆమె చేతి మీదుగా విరమించారు.

మనవాళ్ళ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇవాళ మనం నజ్రుల్ మావాడు అని వేదికల మీద చెప్పుకుంటాం. ఆ రోజుల్లో బెంగాల్ ముస్లిం పత్రికలు కొన్ని ఆయన్ని కాఫిర్ అన్నాయి. పురాణాల పేర్లు కవిత్వంలో తెచ్చాడని తప్పుపట్టాయి. 1924లో ప్రమీలను నిఖా చేసుకుంటే అటు హిందువుల్లోనూ ఇటు మనలోనూ పెద్దలు చాలామంది మొహం తిప్పుకున్నారు. కాళికాదేవి మీద పాటలు రాసినందుకు ఇటువాళ్ళు, హమ్ద్, నాత్ రాసినందుకు అటువాళ్ళు. ఆయన మాత్రం రెండూ మానలేదు. లేటో జట్టులో పదేళ్ళ వయసున నేర్చిన అలవాటు అది. ఆయనకది వింతగా తోచనేలేదు.

పెళ్ళయ్యాక హుగ్లీలో, ఆ తరువాత కృష్ణనగర్‌లో ఉన్నారు. అప్పులు, మలేరియా, ఇంట్లో పసిబిడ్డ. ఆ ఇబ్బందుల్లోనే 1926 ప్రాంతంలో బెంగాలీలో గజల్ కట్టడం మొదలుపెట్టారు. కరాచీ బ్యారక్‌లో చదివిన హాఫిజ్ అప్పుడు అక్కరకు వచ్చాడు. బుల్బుల్ అని పిలుచుకునే కొడుకు 1930లో మశూచితో మంచం పట్టాడు. ఆ మంచం పక్కన కూచునే హాఫిజ్ రుబాయీలను బెంగాలీలోకి తెచ్చారు. పని పూర్తయింది, పిల్లవాడు దక్కలేదు. ఆ పుస్తకం వాడికే అంకితమైంది. బిడ్డ తల దగ్గర కూచుని తండ్రి ఎట్లా రాయగలిగాడని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకు వేరే ఏడవడం చేతకాలేదేమో అని మాకు తోస్తుంది.

మిగిలిన జీవితం క్లుప్తంగా చెబుతాం. గ్రామఫోను కంపెనీల్లో కుదిరి వేల పాటలు రాశారు. భార్యకు పక్షవాతం వస్తే వైద్యానికి రాయల్టీ హక్కులు తాకట్టు పెట్టారు. 1942 జూలైలో ఆయనకే జబ్బు చేసి మాట, మతి రెండూ పోయాయి. అప్పటికి ఆయన వయసు నలభై మూడు. 1953లో వియన్నా తీసుకెళ్ళి చూపించినా నయం కాదన్నారు. 1972లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఢాకా తీసుకువెళ్ళింది. 1976 ఆగస్టు 29న అక్కడే కన్నుమూశారు. విశ్వవిద్యాలయం మసీదు పక్కన ఖననం చేశారు.

ఇప్పుడు ఈద్ పాట సంగతి. దీన్ని మేము కావాలనే చివరకు ఉంచాం. అబ్బాసుద్దీన్ అహ్మద్ అనే గాయకుడు, ఉర్దూ ఖవ్వాలీ రికార్డులు అంత బాగా అమ్ముతున్నాయి కదా, బెంగాలీలో ఇస్లామీ పాటలు ఎందుకు రాకూడదని నజ్రుల్‌ను అడిగారు. నజ్రుల్ ముందు కంపెనీలో రిహార్సల్స్ చూసే భగవతీ భట్టాచార్యను ఒప్పించమన్నారు. ఆయన అటువంటివి ఎవరు కొంటారని కొట్టిపారేశారు. చాలా నెలలు గడిచాక ఒకనాడు ఆయన మంచి హుషారుగా ఉన్న సమయం చూసి అబ్బాసుద్దీన్ మళ్ళీ అడిగితే, సరే కానిమ్మన్నారు. పక్కగదిలో నజ్రుల్ ఒక గాయనికి పాట నేర్పుతున్నారు. కబురు వినగానే ఆమెను ఇంటికి పంపించి, పాన్లూ టీ తెప్పించమని, తలుపు వేసుకున్నారు. అరగంటలో పాట వచ్చింది. ఒక నెల రోజాల తరువాత ఈద్ వచ్చిన సంతోషం ఆ పాట. బాణీ కూడా అప్పుడే కట్టారు. నాలుగైదు రోజుల్లో రికార్డింగు. అబ్బాసుద్దీన్‌కు పాట ఇంకా నోటికి రాలేదు. నజ్రుల్ కాగితాన్ని ఆయన కళ్ళకెదురుగా ఎత్తి పట్టుకుని పాట అయ్యేదాకా నిలబడ్డారు.

రికార్డు 1932లో ఈద్‌కు వచ్చింది. అబ్బాసుద్దీన్ పండుగకు సొంత ఊరు వెళ్ళి తిరిగి వచ్చి ట్రాము ఎక్కితే, పక్కన కూచున్న కుర్రవాడు అదే పాట కూనిరాగం తీస్తున్నాడు. సాయంత్రం మైదానానికి వెళితే అక్కడా కుర్రాళ్ళు గుంపుగా అదే పాడుతున్నారు. ఆయన పరుగున రిహార్సల్ గదికి వెళ్ళారు. చదరంగం ముందు కూచుంటే లోకం మరిచిపోయే నజ్రుల్, అబ్బాస్ గొంతు వినగానే ఆట వదిలి లేచి వచ్చి కావిలించుకున్నారు.